పిల్లలకు నటన ఎక్కడ మొదలుపెట్టాలి? నాటకానికి తీసుకెళ్లే ముందు ఏం చెప్పాలి?

ముందు గొంతు. డైలాగులు బట్టీ పట్టించడం తర్వాతి పని. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది; ‘వెళ్తాడు’, ‘వెళ్తాడా’, ‘వెళ్లడు’ తేడా అంతా ఆ చివరి అక్షరాల్లోనే ఉంటుంది. పిల్లలు సరిగ్గా అక్కడే ఊపిరి చాలక గొంతు దించేస్తారు, వెనక వరుసకు అసలు అర్థమే చేరదు. అందుకే 4 అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, 8 అంకెల దాకా ‘ఆ’ అంటూ వదలమనండి. తర్వాత ఒకరిని ఆఖరి బెంచీలో కూర్చోబెట్టి, విన్నది విన్నట్టు తిరిగి చెప్పమనండి. అరవమని మాత్రం చెప్పొద్దు, గొంతు బొంగురుపోతుంది.

తర్వాత, లేని గ్లాసుతో నీళ్లు తాగించండి. చాలామంది గ్లాసు కింద పెట్టకుండానే గుప్పిట మూసేస్తారు, అంతటితో గ్లాసు మాయం! వేళ్ల మధ్య ఎడం చివరిదాకా మారకూడదు. ఇద్దరు మాట్లాడుకునేటప్పుడు పూర్తిగా ఎదురెదురుగా కాక, ప్రేక్షకుల వైపు కాస్త తిరిగి నిలబడాలి.

ఇక ప్రేక్షకులుగా: 15 నిమిషాలు ముందే వెళ్లాలి. ఫోన్ సైలెంట్‌లో పెడితే చాలదు, స్విచ్ఛాఫ్ చేయాలి. చీకట్లో స్క్రీన్ వెలుగు నటుడి కళ్లలో పడుతుంది. నవ్వొస్తే హాయిగా నవ్వొచ్చు, పక్కవాళ్లతో కబుర్లే వద్దు. పద్యనాటకం సంగతి వేరు: బాగా పాడిన పద్యానికి ‘వన్స్ మోర్’ అనడం మన రంగస్థలంలో పాత ఆనవాయితీ. కానీ పద్యం పూర్తయ్యాకే, రాగం మధ్యలో కాదు.