వెనిస్‌లో ఒక్క రాత్రి: అమ్మలుకు పెదనాన్న ఉత్తరం

చిరంజీవి అమ్మలుకు,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వూ అల్లుడు గారూ మ్యూనిక్ నుంచి రైల్లో వెనిస్ వెళ్తున్నారని, మధ్యాహ్నం మూడింటికి దిగి మర్నాడు ఒంటిగంట బండికి బయల్దేరతారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. "ఆ కాస్త టైంలో ఏం చూస్తారులే" అని కూడా అన్నాడు. నేను ఒప్పుకోలేదు. వెరోనాలో సెప్టెంబరులో జరిగే రాతి ప్రదర్శనకి మన చీమకుర్తి గ్రానైటు శాంపిల్స్ పట్టుకుని వెళ్లిన ప్రతిసారీ ఆఖరి రాత్రి వెనిస్‌లోనే ఉండేవాణ్ణి. ఒక్క రాత్రి చాలు తల్లీ, దాన్ని సరిగ్గా వాడుకుంటే.

అన్నిటికన్నా ముందు గది సంగతి. ఊళ్లోనే తీసుకోండి, మెస్త్రేలో వద్దు. మెస్త్రే నేల మీద ఉన్న ఊరు, వెనిస్ నీళ్లలో ఉన్న ఊరు, మధ్యలో రైలు పది నిమిషాలే. గదులు అక్కడ చవక. మొదటిసారి నేను ఆ చవక చూసుకునే అక్కడ దిగాను. రాత్రి ఊళ్లో పేరున్న శాన్ మార్కో చౌకు ఖాళీ అయి, హాయిగా కూర్చుందామనుకునే వేళకి నాకు తిరుగు రైలు టెన్షన్ పట్టుకుంది. పొద్దున మళ్లీ వచ్చేసరికి జనం నిండిపోయారు. పగలు చూసిపోయే వాళ్లంతా సాయంత్రానికి వెళ్లిపోతారు, పొద్దెక్కాక గానీ మళ్లీ రారు. ఆ మధ్య వేళ కోసమే కదా రాత్రి అక్కడ ఉండేది!

స్టేషన్‌కి దగ్గర్లో కన్నరెజ్జో అనే పేట ఉంది, అక్కడ చూడండి. దాదాపు ప్రతి వంతెనకీ మెట్లుంటాయి, చక్రాల సూట్‌కేసు ఎత్తుకుని ఎక్కి దిగాల్సిందే. ఇద్దరికీ భుజానికి తగిలించుకునే సంచులు చాలు. ఇంకో మాట, అక్కడ ఇంటి నంబర్లు వీధి ప్రకారం ఉండవు, పేట మొత్తానికి కలిపి ఒకటే వరస. ఊళ్లో అలాంటి పేటలు ఆరు. అందుకని గది వాళ్లని వీధి పేరు, దగ్గర్లోని పడవ రేవు పేరు ముందే అడిగి రాసుకోండి.

ఏడాదిలో కొన్ని ఎంచిన తేదీల్లో పగటి సందర్శకుల దగ్గర ఊరు ప్రవేశ రుసుము తీసుకుంటుంది. రాత్రి బస చేసేవాళ్లకి అది లేదు గానీ, మినహాయింపు కోసం ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసి కోడ్ తీసుకోవాలి. మీ తేదీ ఆ రోజుల్లో ఉందేమో చూసుకోండి.

దిగిన వెంటనే శాన్ మార్కోకి పరుగెత్తకండి. మూడింటప్పుడు అక్కడ కాలు పెట్టే చోటుండదు. సంచులు పడేసి, మొహం కడుక్కుని, కన్నరెజ్జోలోనే తిరగండి. 1516లో యూదుల్ని వేరుగా ఉంచిన చోటు ఇక్కడే ఉంది, గెట్టో అనే మాట ప్రపంచానికి ఇక్కణ్ణుంచే వచ్చింది. ఆరింటికి కాలవ గట్టున ఉన్న ఏదో ఒక బాకరోలోకి వెళ్లండి. నిలబడి తినే చిన్న కొట్లు అవి. అద్దాల వెనక పళ్లేల్లో చిన్న చిన్న రొట్టె ముక్కల మీద రకరకాలు పేర్చి ఉంటాయి, చిక్కెట్టి అంటారు. ఎండబెట్టిన కాడ్ చేపని ఉడికించి, నూనె పోస్తూ వెన్నలా గిలక్కొట్టి రొట్టె మీద పెట్టింది తప్పకుండా తినండి. మన ఎండుచేప ఇంత మెత్తగా కూడా అవుతుందా అనిపించింది నాకు. వేలితో చూపించి తలా నాలుగు తీసుకుంటే రాత్రి భోజనం అయిపోయినట్టే.

హోటల్లో కూర్చుని చేప తినాలనిపిస్తే మాత్రం మెనూ జాగ్రత్తగా చదవండి. చాలా చోట్ల చేప ధర వంద గ్రాములకి రాస్తారు, అక్కడి భాషలో 'ఎత్తో'. ఒకసారి నేను అది చేప మొత్తం ధర అనుకున్నాను, బిల్లు చూసి నోట మాట రాలేదు. చేప తెచ్చి చూపించినప్పుడే తూకం అడిగేయండి.

చీకటి పడ్డాక ఒకటో నంబరు పడవ ఎక్కండి. వాపొరెట్టో అంటారు, మన సిటీ బస్సులాంటిది. టికెట్ 9.50 యూరోలు, 75 నిమిషాలు చెల్లుతుంది, ఎక్కే ముందు మిషన్‌కి ఆనించాలి. గండోలా, అంటే తెడ్డుతో నడిపే సన్నటి పడవ అయితే అరగంటకి పగలు 90, రాత్రి ఏడు దాటితే 110 యూరోలు. మీ ఇష్టం గానీ, నేనైతే ఆ డబ్బు ఖర్చు పెట్టను. ఒకటో నంబరు పడవ పెద్ద కాలవ పొడుగునా నెమ్మదిగా ప్రతి రేవులో ఆగుతూ వెళ్తుంది, రెండు పక్కలా మేడల్లో దీపాలు వెలుగుతుంటే కిటికీల్లోంచి పై కప్పుల రంగుల చిత్రాలు కనిపిస్తాయి. శాన్ మార్కోలో దిగి అర్ధరాత్రి దాకా ఉండగలిగితే ఉండండి. అక్కడి గంటస్తంభం 1902లో కూలిపోయింది, 1912కి మళ్లీ కట్టారు. కూలినప్పుడు అందులో వేలాడే ఐదు గంటల్లోనూ పగలకుండా మిగిలింది మరంగోనా అనే పెద్ద గంట ఒక్కటే. అర్ధరాత్రి మోగేది అదే.

పొద్దున ఐదున్నరకే లేవండి. బద్ధకించొద్దు తల్లీ, మళ్లీ ఎప్పుడు వెళ్తారో. మళ్లీ శాన్ మార్కోకే వెళ్లి, ఈసారి కిందకి చూడండి. కాళ్ల కింద పరిచిన బూడిదరంగు రాయి ట్రాకైట్, పడువా దగ్గరి కొండలది. తడిసినా కాలు పట్టు దొరుకుతుంది. దాని పక్కనే తెల్లటి ఇస్ట్రియా రాయి ఉంటుంది. ఉప్పునీటికి తట్టుకుంటుందని ఇళ్ల పునాదుల్లో నీళ్లు తగిలే చోటల్లా దాన్నే వాడారు. వంతెన మెట్ల అంచులకి కూడా అదే వేశారు, వందల ఏళ్ల అడుగులకి అద్దంలా నునుపెక్కింది. వాన పడినా మంచు కురిసినా ఆ తెల్ల అంచు మీద అడుగు వెయ్యకండి, జర్రున జారుతుంది. మెట్టు మధ్యలో కాలు పెట్టండి.

అక్కణ్ణుంచి పసుపుపచ్చ బోర్డుల మీద రియాల్టో అని ఉన్న దారి పట్టుకోండి. రియాల్టో వంతెన ఎక్కకుండా ఇంకాస్త దూరం నడిస్తే మాలిబ్రాన్ థియేటర్ వెనక కోర్తే సెకొందా దెల్ మిలియోన్ అని చిన్న వాకిలి ఉంది. మార్కో పోలో కుటుంబం ఇళ్లు అక్కడ ఉండేవి. మన మోటుపల్లి రేవు గురించి, సాలెగూడులాంటి సన్నటి బట్టల గురించి, వజ్రాల గురించి, న్యాయంగా ఏలిన ఒక రాణి గురించి చెప్పినవాడు ఆయనే. ఆ రాణి మన రుద్రమదేవి అనే చరిత్రకారులు అంటారు. ఒంగోలు పక్కనున్న మోటుపల్లి పేరు ఏడొందల ఏళ్ల కిందట ఈ వాకిట్లో వినిపించి ఉంటుందని తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది నాకు. చూడ్డానికి ఒక పాత రాతి కమాను, ఒక బావి, అంతే. అయినా ఐదు నిమిషాలు నిలబడండి.

తర్వాత వంతెన దాటి చేపల మార్కెట్‌కి వెళ్లండి. ఆది, సోమవారాల్లో చేపలుండవు. సిరాతో నల్లబడ్డ కటిల్ ఫిష్‌లు, ఐసు మీద ఇంకా కదిలే రొయ్యలు ఉంటాయి. కూరల వైపు ఒకాయన ఆర్టిచోక్ అనే పెద్ద మొగ్గలాంటి కూరని కత్తితో గిరగిరా తిప్పి చెక్కి, తెల్లటి గుండ్రటి అడుగు ముక్కని నిమ్మరసం కలిపిన బకెట్ నీళ్లలో వేస్తాడు. ఒక్కోటీ క్షణాల్లో అయిపోతుంది. ఆ చేతులు చూస్తూ ఉండిపోయాను నేను. మార్కెట్ దగ్గర్నుంచే కాలవ దాటించే గండోలా పడవ ఉంది, మనిషికి రెండు యూరోలు. గండోలా ముచ్చట అక్కడ తీర్చుకోండి. అది మిమ్మల్ని కన్నరెజ్జో ఒడ్డునే దింపుతుంది.

ఇంకా టైం ఉంటే శాన్ మార్కో చర్చి లోపలికి వెళ్లొచ్చు, కానీ ముందే ఆన్‌లైన్‌లో టికెట్ తీసుకుని, భుజాలు కప్పే బట్టలు వేసుకోవాలి, సంచులు రానివ్వరు. రాజభవనం ఈసారికి వదిలేయండి.

గది ఖాళీ చేశాక సంచులు వాళ్ల దగ్గరే ఉంచమంటే ఉంచుతారు. బండికి అరగంట ముందు స్టేషన్ చేరితే చాలు, అది మీ గదికి దగ్గరే కాబట్టి. పన్నెండింటికి ఏదైనా కౌంటర్ దగ్గర నిలబడి కాఫీ తాగండి, కూర్చుంటే ధర పెరుగుతుంది. మోటుపల్లి సంగతి అల్లుడు గారికి కూడా చెప్పు, ఆ వాకిట్లో మీ ఇద్దరి ఫొటో నాకు పంపు.

ఒంగోలు నుంచి,
మీ పెదనాన్న