క్యాథ్‌ల్యాబ్ కోర్సు చదివితే స్టెంట్ వేయవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. మా నాన్నగారికి మణికట్టు దగ్గర నుంచి గుండెకు స్టెంట్ వేసినప్పటి నుంచి ఆ పనే చేస్తానంటోంది. క్యాథ్‌ల్యాబ్ (ఎక్స్‌రే సాయంతో గుండె ధమనులకు పరీక్ష, చికిత్స చేసే గది) బీఎస్సీ చదివితే చేయగలదా? రేడియేషన్ వల్ల ఆడపిల్లకు ఇబ్బంది ఉండదా?
- ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: చేయలేదు. స్టెంట్ వేయవలసింది కార్డియాలజిస్టు. అందుకు నీట్ ద్వారా ఎంబీబీఎస్‌లో చేరి, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు, ఆపై ఎండీ మూడేళ్లు, గుండె వైద్యంలో ప్రత్యేక కోర్సు డీఎం కార్డియాలజీ మరో మూడేళ్లు చదవాలి. బీఎస్సీ నుంచి ఆ స్థానానికి అడ్డదారి లేదు. కొన్ని కళాశాలల ప్రకటనలు ఈ తేడాను కావాలనే మసకగా ఉంచుతాయని నా అభిప్రాయం.

అలాగని ఆ బీఎస్సీ చదివి చేసే క్యాథ్‌ల్యాబ్ టెక్నాలజిస్టు పని చిన్నదేమీ కాదు. డాక్టరు సూదితో ధమనిలోకి ప్రవేశించి, అందులోంచి సన్నని గైడ్‌వైరు పంపి, సూది తీసేసి, ఆ వైరు మీదుగా షీత్ (పరికరాలు లోపలికి పంపే దారిగా ఉండే చిన్న గొట్టం) అమరుస్తారు. స్వీడన్ వైద్యుడు సెల్డింగర్ 1953లో వెల్లడించిన ఈ పద్ధతే నేటికీ ఆధారం. ఆ సమయంలో టెక్నాలజిస్టు రక్తపీడనం కొలిచే గొట్టంలో (ప్రెషర్ లైను) గాలి బుడగ లేకుండా చూసి, ఆ పీడనాన్ని కొలిచే ట్రాన్స్‌డ్యూసర్‌ను రోగి గుండె ఎత్తులో అమర్చి రీడింగును సున్నాకు సరిచేసి, ఈసీజీ మీదా తెరపై కనిపించే పీడన తరంగం మీదా కన్నేసి ఉంచాలి. షీత్ ద్వారా గుండె దాకా పంపే సన్నని గొట్టం, అంటే క్యాథెటర్ కొన గుండె ధమని మొదట్లో బిగుసుకుపోతే తరంగం ఒక్కసారిగా కుంగిపోతుంది. ఆ స్థితిలో ఎక్స్‌రేలో ధమని కనబడేలా చేసే కాంట్రాస్టు మందు ఎక్కిస్తే ధమని గోడ చీలవచ్చు, గుండె లయ తప్పవచ్చు. కనుక ఆ మార్పును గమనించిన క్షణంలోనే డాక్టరుకు చెప్పగలగడమే ఈ వృత్తిలో అసలైన నేర్పు. సామగ్రిని సైజు చూసి అందించడం కూడా ఇందులో భాగమే. గొట్టాల మందాన్ని ఫ్రెంచ్ అనే కొలతలో చెబుతారు; ఆరు ఫ్రెంచ్ అంటే రెండు మిల్లీమీటర్లని తడుముకోకుండా తెలిసి ఉండాలి.

రాత్రి డ్యూటీల గురించి ఇంట్లో ముందే మాట్లాడుకోండి. గుండెపోటుతో వచ్చిన రోగికి ఆసుపత్రి చేరిన 90 నిమిషాల్లోపు మూసుకుపోయిన ధమనిని తెరవాలన్నది లక్ష్యం కాబట్టి, అర్ధరాత్రి ఫోను వచ్చినా వెళ్లక తప్పదు.

రేడియేషన్ విషయంలో భయం కన్నా క్రమశిక్షణ అవసరం. సీసపు ఏప్రాన్, థైరాయిడ్ కాలర్, ఒంటికి చేరిన రేడియేషన్‌ను నమోదు చేసే టీఎల్‌డీ బ్యాడ్జి తప్పనిసరిగా ధరించాలి. అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం సిబ్బందికి చేరే మోతాదు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (రేడియేషన్ మోతాదు కొలమానం) మించకూడదు. ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. గర్భం దాల్చినట్లు తెలియగానే విభాగానికి తెలియజేస్తే పనిని అందుకు తగినట్లు మారుస్తారు. నిజానికి రోజంతా ఏప్రాన్ బరువు మోయడం వల్ల వచ్చే నడుము నొప్పి గురించి ఎక్కువ మంది బాధపడుతుంటారు, అదెందుకో ఎవరూ ముందుగా చెప్పరు.

అమ్మాయి మొదట నీట్ రాయడమే మంచిది. సీటు రాకపోతే ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం నోటిఫికేషన్‌లో కార్డియాక్ కేర్ టెక్నాలజీ వంటి పారామెడికల్ డిగ్రీలను పరిశీలించండి. చేరేముందు కళాశాలకు సొంత క్యాథ్‌ల్యాబ్ ఉందా, అక్కడ రోజుకు ఎన్ని యాంజియోగ్రామ్‌లు జరుగుతాయి, ఇంటర్న్‌షిప్‌లో విద్యార్థిని ప్రెషర్ మానిటర్ దగ్గర నిలబెడతారా లేక ఫైళ్లు మోయిస్తారా అన్నది అక్కడి చివరి సంవత్సరం విద్యార్థులనే అడిగి తెలుసుకోండి.