తెల్ల సిమెంటు ఏడాది తిరక్కుండా ఊడొస్తోంది, ఏ కంపెనీ బాండ్ వాడాలి?

తిరుపతిలో కొత్తగా పంటి క్లినిక్ పెట్టానని, కాంపోజిట్ ఫిల్లింగులు (జనం తెల్ల సిమెంటు అనే, పంటి రంగు రెసిన్ ఫిల్లింగులు) అంచుల్లో నల్లబడి ఊడొస్తున్నాయని, వాటిని పంటికి అతికించే బాండ్ ఏది మంచిదని అడిగారు. కంపెనీ సంగతి తర్వాత. ముందు మీ కంప్రెసర్ చూడండి.

కంప్రెసర్ గాలి వచ్చే త్రీ-వే సిరంజితో (గాలీ నీళ్ళూ చిమ్మే పరికరం) మౌత్ మిర్రర్ మీద ఉత్త గాలి ఊదండి. అద్దం మీద సన్నటి తుంపరో జిడ్డు మరకో పడిందంటే ఎంత ఖరీదైన బాండ్ అయినా దండగే. ట్యాంకు అడుగు వాల్వు విప్పి రోజూ నీళ్ళు వదలాలి, లైనుకి ఫిల్టర్ ఉండాలి. కుర్చీకి లక్షలు పోసి, ఫిల్టర్ దగ్గర బేరమాడేవాళ్ళని ఏమనాలి!

ఇక ఎచింగ్, అంటే బాండ్ పట్టుకునేలా పంటిని యాసిడ్‌తో గరుకు చెయ్యడం. 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ ఎనామిల్ (పంటి పైపొర) మీద 15 నుంచి 30 సెకన్లు; డెంటిన్ (దాని కింది పొర) మీద 15 దాటనివ్వద్దు. దాటితే యాసిడ్ దిగినంత లోతుకి బాండ్ దిగదు. అడుగున బాండ్‌లోని రెసిన్ అందని కొల్లాజెన్ (ప్రొటీన్) పోగులు మిగులుతాయి, వాటిని డెంటిన్‌లోనే ఉండే ఎంఎంపీలనే ఎంజైములు మెల్లగా తినేస్తాయి. కడిగాక 2 శాతం క్లోర్‌హెక్సిడిన్ 30 సెకన్లు పట్టించి, మిగులు అద్దేసి బాండ్ వేస్తే అవి కొంతకాలం అణిగి ఉంటాయి.

ఎక్కువమంది చెడగొట్టేది ఆరబెట్టడంలోనే. ఎనామిల్ సున్నం కొట్టినట్టు తెల్లబడాలి. డెంటిన్ మాత్రం తడి మెరుపుతో ఉండాలి, నీటి బొట్టు నిలవకూడదు. అదీ తెల్లబడిందా, పోగులు కుప్పకూలినట్టే. తడి అప్లికేటర్‌తో మళ్ళీ తడపండి. ఇంత తంటా ఎందుకనుకుంటే 10-ఎండీపీ (పంటిలోని కాల్షియాన్ని పట్టుకునే రసాయనం) ఉన్న యూనివర్సల్ బాండ్ (డెంటిన్‌కి విడిగా యాసిడ్ అక్కర్లేనిది) తీసుకుని, ఎనామిల్ అంచులకే యాసిడ్ పెట్టండి. నా ఓటు దీనికే. పూసి వదిలెయ్యకుండా 20 సెకన్లు రుద్దాలి. తర్వాత గాలి మెల్లగా మొదలుపెట్టి, పొర కదలడం ఆగేదాకా ఊదాలి. సాల్వెంట్ (బాండ్‌ని పల్చగా ఉంచే ద్రవం) మిగిలితే, బాండ్‌ని గట్టిపరిచే లైటు ఎంతసేపు వేసినా లోపల మెత్తగానే ఉంటుంది.

మన మే నెల ఎండల్లో బాండ్ ముందే గిన్నెలో పోసి పెట్టొద్దు. అసిటోన్ రకమైతే చూస్తుండగానే ఆవిరై చిక్కబడుతుంది. రబ్బర్ డ్యామ్ (పంటికి ఉమ్ము తగలకుండా కట్టే రబ్బరు తెర) కట్టి, పన్ను సిద్ధమయ్యాకే చుక్క వేసి, వెంటనే సీసా మూత బిగించండి.

"సార్, కొండకి టైమైపోతోంది, బిరీన కానియ్యండి" అనేవాళ్ళకి ఆ పూట టెంపరరీ ఫిల్లింగ్ పెట్టి పంపండి. అదీ లవంగనూనె లేనిదే పెట్టాలి. అందులోని యూజినాల్ పంటికి పట్టుకుని ఉంటే, రేపు వేసే రెసిన్ సరిగా గట్టిపడదు.