నాన్న పద్దు పుస్తకం ఒడియాలో ఉంది

ప్రశ్న: మాది ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడి. నాన్న ముప్పై రెండేళ్లు రైస్ మిల్లులో గుమాస్తాగా చేశారు. సాయంత్రాలు రెండు కొట్లకు పద్దులు రాసేవారు. నన్ను ఐదో తరగతి నుంచి టెక్కలిలో మేనత్త ఇంట్లో ఉంచి తెలుగు మీడియంలో చదివించారు. పది నెలల క్రితం గుండెపోటుతో పోయారు. హైదరాబాద్ నుంచి నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. సంవత్సరీకానికి ఆయన గురించి ఒక పేజీ రాసి, అచ్చు వేయించి పంచుదామనుకున్నాను. పెన్ను పట్టుకుంటే ‘కష్టజీవి, కుటుంబం కోసమే బతికారు’ దగ్గరే ఆగిపోతున్నాను. తనకంటూ ఏ సరదా లేని మనిషి. ఆయనతో పది నిమిషాలు కూర్చుని మాట్లాడిన గుర్తు లేదు. అమ్మ ఆయన సైకిల్ ఎవరికో ఇచ్చేసింది. అప్పటి నుంచి అమ్మతో సరిగా మాట్లాడలేకపోతున్నాను. ఆఫీసు పనిలో పడితే తప్ప మనసు నిలవడం లేదు. ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండవుతోంది, ఐదేళ్ల పాప నిద్రపోయి ఉంటోంది. నాన్న పద్దు పుస్తకాలు ట్రంకు నిండా ఉన్నాయి. అన్నీ ఒడియాలోనే. నాకు చదవడం రాదు. ఒక పేజీ ఫోటో పంపుతున్నాను.

జవాబు: ముందు ఆ ఫోటో గురించి చెప్పాలి. నేను బరంపురంలో పుట్టి పెరిగాను, బడిలో ఒడియా చదువుకున్నాను. మీ నాన్నగారి పేజీ మొత్తం చదివాను. రెండుసార్లు చదివాను.

అది 2001 ఫిబ్రవరి నెల ఖర్చు. చిన్న చిన్న గుండ్రటి అక్షరాలు, ఎక్కడా కొట్టివేత లేదు. బియ్యం, కిరోసిన్, మీ అమ్మగారి మందులు ఉన్నాయి. ఒక స్నేహితుడి దగ్గర తీసుకున్న చేబదులు, తీర్చాక దాని పక్కన చిన్న టిక్కు. ఆ నెలలో నాలుగు ఆదివారాలు. నాలుగింటికీ ‘టెక్కలి, బండి టికెట్టు’ అని ఉంది. రెండింటి పక్కన ‘పుఅ పాఇఁ కమళా’ అని రాసుకున్నారు. అబ్బాయి కోసం కమలాలు అని.

అప్పటికి గుణుపురం నుంచి పర్లాకిమిడి, టెక్కలి మీదుగా నౌపడా వెళ్లే చిన్న పట్టాల బండి ఇంకా నడుస్తోంది. 2004లో కదా అది ఆగింది. వారమంతా మిల్లులో, కొట్లలో లెక్కలు రాసిన మనిషి, మిగిలిన ఒక్క రోజూ ఆ బండెక్కి మీ దగ్గరికి వచ్చారు. వచ్చాక ఏం మాట్లాడాలో తెలియక అత్తతో రెండు మాటలు చెప్పి వెళ్లిపోయి ఉంటారు. మన ఇళ్లలో ఆ తరం తండ్రులు చాలామంది అంతే. కానీ వచ్చారు.

ఇంకొకటి కూడా ఉంది. అదే పేజీలో మూడు చోట్ల ‘జాత్రా, టికెట్టు 1’ అని రాశారు. ఒడియా జాత్రా నాటకం రాత్రి మొదలైతే తెల్లవారుజాము దాకా నడుస్తుంది. మీ నాన్నగారు పద్దులు ముగించుకుని, ఒక్కరే టికెట్టు కొనుక్కుని, నెలకు మూడు రాత్రులు నాటకం చూశారు. ఏ సరదా లేని మనిషి అన్నారు మీరు. ఆయన సరదా ఆయనకుంది, అది మీకు తెలియని భాషలో ఉంది.

మన సరిహద్దు ఊళ్లలో ఇది కొత్త కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇటు ఉండిపోయింది. ఇంట్లో తెలుగు, పనిలో ఒడియా. మీ నాన్నగారి నవ్వులు, కోపాలు, వేళాకోళాలు సగం ఒడియాలోనే జరిగి ఉంటాయి. మీకు తెలుగు చదువు కావాలని టెక్కలి పంపారు. ఆ నిర్ణయంలో ప్రేమ ఉంది, దూరమూ ఉంది. దూరం బాధించిందని చెప్పుకుంటే తండ్రిని తక్కువ చేసినట్టు కాదు.

అందుకే ఆ పేజీ హైదరాబాద్‌లో కూర్చుని రాస్తే రాదు. నాలుగు రోజులు సెలవు పెట్టి ఊరు వెళ్లండి. చేబదులు ఇచ్చిన ఆ స్నేహితుడు ఉంటే ఆయన్ని కలవండి. మిల్లులో పాతవాళ్లు ఎవరైనా ఉంటే పుస్తకాలు వాళ్ల చేత చదివించుకోండి. ‘మా నాన్న మంచివాడేనా’ అని అడగొద్దు. ఏం తినేవారు, దేనికి చిరాకు పడేవారు, జాత్రాలో ఏ వేషం అంటే ఇష్టం, ఇలాంటివి అడగండి. రాసేటప్పుడు త్యాగమూర్తి, కర్మయోగి లాంటి మాటలు వద్దు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరు మీది. మీ అమ్మతో మాట్లాడే మాటల్లోనే రాయండి. కమలాలతో మొదలుపెట్టినా చాలు.

అమ్మగారి మాట. సైకిల్ ఎందుకిచ్చావని కాదు, ఎవరికిచ్చావని అడగండి. రోజూ గుమ్మంలో ఆ సైకిల్ కనబడుతుంటే ఆవిడకు ఎలా ఉండేదో మీకూ నాకూ తెలియదు. మీరు వెళ్లిపోతారు, ఆ గుమ్మంలో ఉండేది ఆవిడ. ఆవిడ దుఃఖం మీ దుఃఖంలా కనబడకపోవచ్చు. జాత్రా సంగతి ఆవిడకు తెలుసేమో అడిగి చూడండి. ఆ తర్వాత మీరు మాట్లాడకండి, ఆవిడను మాట్లాడనివ్వండి.

ఇక మీ పని గంటలు. ఇది నాకు నిజంగా దిగులుగా ఉంది. నాన్నకు దగ్గరవ్వాలని తెలియకుండానే ఆయనలా బతకడం మొదలుపెట్టారని నాకనిపిస్తోంది. కానీ ఆయన ఆదివారాలు వదల్లేదు, మీరు వదిలేస్తున్నారు. వారంలో రెండు రోజులైనా పాప నిద్రపోకముందే ఇంటికి చేరండి. ఆఫీసులో అడగడానికి టెన్షన్ పడకండి, తండ్రి పోయి ఏడాది కాలేదని చెప్పండి. నిద్ర, తిండి వారాల తరబడి సరిగా లేకపోయినా, బతకాలనిపించకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టర్‌ను కలవండి. మానసిక ఇబ్బందులకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్, నంబరు 14416, రాత్రీపగలూ పనిచేస్తుంది, ఉచితం. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. అమ్మగారికీ ఆ నంబరు రాసివ్వండి.

ఊరు వెళ్లేటప్పుడు పాపను తీసుకెళ్లండి. విశాఖ దాకా వెళ్లి అక్కడి నుంచి గుణుపురం బండెక్కండి, ఆ దారిలో ఇప్పుడు నడిచేది పెద్ద పట్టాల బండి. టెక్కలి స్టేషన్ వచ్చినప్పుడు పాపకు కిటికీలోంచి చూపించండి. తాతయ్య ప్రతి ఆదివారం ఇక్కడ దిగేవారని, ఒక్కోసారి చేతిలో కమలాలు ఉండేవని చెప్పండి.