స్టారెట్ కాంబినేషన్ స్క్వేర్, దాని వెనకున్న కుటుంబం

మీ ప్రశ్న ఇది: "పాత సామాన్ల షాపులో స్టారెట్ పేరున్న కాంబినేషన్ స్క్వేర్ కనిపించింది. తరతరాలుగా ఒకే కుటుంబం నడిపిన కంపెనీ అంటున్నారు. దాని కథేంటి? ఇది కొనొచ్చా?"

కాంబినేషన్ స్క్వేర్ అంటే స్కేలు జరుపుకుంటూ వాడే మూలమట్టం. నేను హైదరాబాద్ బాలానగర్‌లో టూల్ రూమ్ (ఫ్యాక్టరీకి కావాల్సిన పనిముట్లు, అచ్చులు చేసే చోటు) పని నేర్చుకుని, ఇప్పటికీ అదే పనిలో ఉన్నవాణ్ణి. మా దగ్గర మైక్రోమీటర్, వెర్నియర్ లాంటి సన్నటి కొలతల పరికరాలంటే ఎక్కువగా జపాన్ కంపెనీ మిటుటోయోవే. కానీ లోహం మీద కొలత గీతలు గీసే మార్కింగ్ టేబుల్ దగ్గరికి వచ్చేసరికి మా సీనియర్ ఫిట్టర్ ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు తన స్టారెట్ స్క్వేర్‌ని. దానివల్లే ఆ కంపెనీ మీద నాకు ఆసక్తి పుట్టింది.

కంపెనీ పెట్టినాయన లరాయ్ స్టారెట్. 1836లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, చైనా అనే ఊళ్లో పుట్టాడు (దేశం కాదు, ఆ ఊరి పేరే అది). రైతు కుటుంబం. తనూ మొదట వ్యవసాయమే చేశాడు. బుర్ర మాత్రం ఎప్పుడూ యంత్రాల మీదే. 1865లో మాంసం తరిగే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. దాన్ని తయారుచేయడానికి 1868లో మసాచుసెట్స్‌లోని ఆథోల్ అనే చిన్న ఊరికి వచ్చి ఆథోల్ మెషీన్ కంపెనీలో చేరాడు. అక్కడ పెద్దలతో పొసగక బయటికొచ్చి, 1880లో సొంత కంపెనీ పెట్టుకున్నాడు. పాతికేళ్లు తిరిగేసరికి, 1905లో, తను వదిలేసి వచ్చిన ఆ కంపెనీనే కొనేశాడు.

సొంతంగా నిలబడే ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందంటే, 1879లో పేటెంట్ వచ్చిన కాంబినేషన్ స్క్వేర్ నుంచి. అంతకుముందు మూలమట్టం అంటే బ్లేడు బిగించేసి ఉండేది. ఇరుకు చోట పెద్దది పట్టదు, పెద్ద పనికి చిన్నది చాలదు, అందుకని సైజుకొకటి పెట్టెలో ఉండాల్సిందే. స్టారెట్ చేసిన పని చూడండి. స్కేలు మధ్యలో పొడవునా ఒక గాడి తీశాడు. స్కేలుని పట్టుకునే దిమ్మని హెడ్ అంటారు, అందులో ఉన్న చిన్న బోల్టు కొక్కెం ఆ గాడిలో కూర్చుంటుంది. నట్టు వదులు చేస్తే స్కేలు జారుతుంది, బిగిస్తే కొక్కెం స్కేలుని హెడ్‌లోకి లాగి పట్టేస్తుంది. ఎక్కడ ఆపినా తొంభై డిగ్రీలు తొంభైగానే ఉంటాయి. అదే హెడ్‌కి రెండోవైపు నలభై ఐదు. ముందుకి లాగితే లోతు కొలిచే డెప్త్ గేజ్, నిలబెడితే హైట్ చూసుకోవచ్చు. మధ్య బిందువు పట్టడానికి వేరేగా ఉండే సెంటర్ హెడ్ తొడిగి, గుండ్రటి రాడ్ మొహం మీద పెట్టి ఒక గీత గీసి, కాస్త తిప్పి ఇంకో గీత గీస్తే, రెండూ కలిసిన చోటే సెంటర్. గుర్తు కొట్టే పంచ్ అక్కడ పెట్టేయడమే. ఈ రోజు ఏ దేశంలో ఏ కంపెనీ కాంబినేషన్ స్క్వేర్ చేసినా ఈ గాడి, ఈ కొక్కెమే.

నా దృష్టిలో స్టారెట్ గొప్పతనమంతా ఇక్కడే ఉంది. బెంచి దగ్గర నిలబడే మనిషికి ఏది అడ్డొస్తుందో కనిపెట్టి, అది తీసేశాడు.

ఆయన 1922లో పోయాడు. 1929లో కంపెనీ కార్పొరేషన్‌గా మారింది. తర్వాత బ్రెజిల్‌లోని ఇటూలో, స్కాట్లాండ్‌లోని జెడ్‌బరాలో, 1990ల చివర్లో చైనాలోని సూజౌలో ఫ్యాక్టరీలు వచ్చాయి (ఈసారి దేశమే). స్లిప్ గేజ్‌లు (కచ్చితమైన మందంతో ఉండే కొలత దిమ్మలు) చేసే వెబర్ కంపెనీని 1962లో కలుపుకున్నారు. హ్యాక్‌సా బ్లేడ్ల దగ్గర్నుంచి చదునుగా ఉండి కొలతలకి ఆధారమయ్యే గ్రానైట్ సర్ఫేస్ ప్లేట్ల దాకా చేశారు. అయినా హెడ్డాఫీసు, మెయిన్ ఫ్యాక్టరీ ఆథోల్ వదిలి వెళ్లలేదు. ఆ ఊరికి టూల్ టౌన్ అనే పేరే పడిపోయింది.

షేర్ మార్కెట్లో ఉన్న కంపెనీ మీద కుటుంబానికి పట్టు ఎలా నిలిచిందని చాలామంది అడుగుతారు. 2024 దాకా అక్కడ షేర్లు రెండు రకాలుగా ఉండేవి. క్లాస్ ఏ షేరుకి ఒక ఓటు, క్లాస్ బీ షేరుకి పది ఓట్లు. క్లాస్ బీ షేర్లు మామూలుగా వారసులకే వెళ్లేవి, బయటివాళ్లకి అమ్మాలంటే క్లాస్ ఏ షేర్లుగా మార్చాల్సి వచ్చేది. దానికి తోడు 1984లో ఉద్యోగులకే వాటాలిచ్చే పథకం పెట్టారు. అంటే లేతు దగ్గర నిలబడేవాడు కూడా వాటాదారే. బయటివాడు వచ్చి కంపెనీని ఎగరేసుకుపోవడం అంత తేలిక కాలేదు. ఇదే రంగంలో ఇంకా పాతదైన అమెరికా కంపెనీ బ్రౌన్ అండ్ షార్ప్‌ని చూడండి. 1833లో తండ్రీకొడుకులు మొదలుపెట్టింది. 1981లో మొదలైన సమ్మె ఏళ్ల తరబడి సాగింది. చివరికి 2001లో దాని కొలత పరికరాల వ్యాపారం స్వీడన్‌కి చెందిన హెక్సగాన్ చేతికి పోయింది.

స్టారెట్ కూడా చేతులు మారింది, కాకపోతే ఇంకో ఇరవై ఏళ్లు దాటాక. 2024లో కెంటకీకి చెందిన మిడిల్‌గ్రౌండ్ క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థ షేరుకి 16.19 డాలర్ల చొప్పున ఇచ్చి మొత్తం కొనేసింది. అప్పటిదాకా సీఈఓగా ఉన్న డగ్లస్ స్టారెట్ ఆ వంశం మనిషే. నాకు బాధేసిందనే చెప్తాను. కొత్త యజమానులు చెడగొడతారని కాదు. పాత హెడ్‌కి కొత్త స్కేలు కొంటే ఇప్పటికీ కూర్చుంటుంది. ఆ పట్టుదల లాభనష్టాల లెక్కలో ఎక్కడా కనిపించదు, పోతే ఏం పోయిందో చెప్పడం కూడా కష్టం.

ఇక మీకు దొరికిన స్క్వేర్ సంగతి. తుప్పు చూసి భయపడకండి, పైపై తుప్పు పోతుంది. ముందు నట్టు వదులు చేసి స్కేలు లాగి చూడండి, గాడి పొడవునా ఎక్కడా పట్టేయకూడదు. బిగించాక చేత్తో ఊపితే కదలకూడదు. కొక్కెం అరిగిపోయి ఉంటే మాత్రం దాని పార్టు దొరుకుతుందో లేదో కనుక్కున్నాకే డబ్బులివ్వండి. ఆ తర్వాత అంచు తిన్నగా ఉన్న చెక్కో, ప్లేటో తీసుకుని, హెడ్ దాని అంచుకి ఆనించి సన్నటి గీత గీయండి. హెడ్ తిరగేసి, అదే చుక్క దగ్గర మొదలుపెట్టి ఇంకో గీత గీయండి. పై చివర రెండు గీతల మధ్య ఎంత ఖాళీ వచ్చిందో అందులో సగం స్క్వేర్ తప్పు. రెండూ ఒకదానిమీద ఒకటి పడితే ఎక్కువ బేరమాడకుండా తీసుకోండి.