ఇద్దరు తాతల్ని ఒక్కరిగా కలిపేశారు... మా నాయనమ్మ రెండో భార్య అయిపోతుందా?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లా. మా ముత్తాత, ఆయన అన్నగారు ఇద్దరూ తమ పెద్ద కొడుకులకి తండ్రి పేరే పెట్టుకున్నారు. దాంతో మా తాతయ్యకీ, ఆయన పెదనాన్న కొడుకైన పెద్ద తాతయ్యకీ పేరు, ఇంటి పేరు, ఊరు అన్నీ ఒకటే. పెద్ద తాతయ్య 1978లో, మా తాతయ్య 1994లో పోయారు. డాలస్‌లో ఉంటున్న పెద్ద తాతయ్య మనవడు, నాకు వరసకి అన్నయ్య, ఆన్‌లైన్‌లో మా వంశవృక్షం తయారు చేస్తున్నాడు. సైటు 'డూప్లికేట్ కావచ్చు' అని చూపించగానే ఇద్దరి రికార్డులూ కలిపేశాడు. ఇప్పుడు అందులో ఒకే మనిషి, 1978లో మరణం, ఇద్దరు తండ్రులు, ఇద్దరు భార్యలు. 1961లో పెళ్లయిన మా నాయనమ్మ రెండో భార్యగా కనిపిస్తోంది. ఆరెకరాల ఉమ్మడి పొలం పంచుకుందామని మాటలు జరుగుతుంటే, బంధువుల్లో ఒక పెద్దాయన ఆ స్క్రీన్‌షాట్ వాట్సాప్ గ్రూపులో పెట్టి, రెండో భార్య సంతానానికి వాటా ఉండదన్నారు. నాయనమ్మకి 83 ఏళ్లు. ఆ మాట విన్నప్పటి నుంచి సరిగ్గా అన్నం తినడం లేదు. ఆ రికార్డు డిలీట్ చేయించవచ్చా? అది కోర్టులో చెల్లుతుందా?
– ఒక సోదరి

జవాబు: ముందు ఈ మాట మీ నాయనమ్మ గారికి చదివి వినిపించండి. ఎక్కడో ఎవరో ఒక బటన్ నొక్కినంత మాత్రాన ఆవిడ పెళ్లికి గానీ, పిల్లల హక్కుకి గానీ ఏమీ కాదు. ఆవిడ మీ తాతగారి భార్య. పెద్ద తాతగారికి తమ్ముడి భార్య వరస. చట్టం దృష్టిలో ఈ రోజుకీ అంతే.

వంశవృక్షాల్ని కోర్టులు అంత తేలిగ్గా నమ్మవు. బిహార్‌లోని బెత్తియా సంస్థానం మహారాజు 1893లో సంతానం లేకుండా పోయారు. ఆ ఆస్తికి వారసులమంటూ వంశవృక్షం పట్టుకొని వచ్చిన వాళ్ల దావా 1983లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి వీగిపోయింది. వంశవృక్షం ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, రాసిన మనిషికి ఆ సంగతి ఎలా తెలుసు, తగాదా మొదలవక ముందు రాసిందా, తర్వాత రాసిందా అన్నవి గట్టిగా పరిశీలించాలని ఆ తీర్పు సారాంశం. ఈ ప్రశ్నలే మీ అన్నయ్య చేసిన పనికి వేసి చూడండి. ఆయనకి ఆ ఇద్దరూ ఒకరేనని ఎవరూ చెప్పలేదు. సైటు అడిగింది, ఆయన సరేనన్నాడు.

పాత ఎవిడెన్స్ చట్టం స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో సెక్షన్ 26 ప్రకారం, బంధుత్వం గురించి చనిపోయిన వాళ్లు తగాదాకి ముందు చెప్పినవీ, రాసినవీ సాక్ష్యంగా తీసుకోవచ్చు. పాత వంశావళి కాగితాలకి కూడా అందులో చోటుంది. కానీ మీ అన్నయ్య బతికే ఉన్నాడు కాబట్టి ఆయన రాతకి మామూలుగా ఈ సెక్షన్ వర్తించదు. ఆయనే బోనెక్కి క్రాస్ ఎగ్జామినేషన్‌కి నిలబడాలి. సెక్షన్ 44 ఇంకొకటి ఉంది. ఇద్దరి మధ్య బంధుత్వం ఉందా లేదా అన్నప్పుడు, ఆ సంగతి ప్రత్యేకంగా తెలిసే అవకాశమున్న వాళ్లు తమ నడవడితో ఏమని చూపించారో కోర్టు చూస్తుంది. అలా చూస్తే పెళ్లికార్డుల్లో ఎవరి పేరు వేశారు, తద్దినం ఎవరు పెట్టారు, ఏ ఇంట్లో కాపురం చేశారు అన్నవన్నీ మీ వైపే మాట్లాడతాయి. ఇక స్క్రీన్‌షాట్ కోర్టులో దాఖలు చేయాలంటే సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. వాట్సాప్‌లో తిరిగిన బొమ్మ ప్రింటు తీసి జడ్జిగారి ముందు పెడితే సరిపోదు.

అయితే మీరు నిజంగా జాగ్రత్త పడాల్సిన చోటు వేరే ఉంది. ఆ తప్పు సైటులో ఉన్నంతకాలం దాని వల్ల ఆస్తికి వచ్చే ముప్పు తక్కువ. అది మీ సంతకం ఉన్న కాగితం మీదకి ఎక్కితే మాత్రం తీయడం చాలా కష్టం. పంపకం మాటల్లో ఉన్నారు కదా, రేపో మాపో ఎవరో ఒకరు పార్టిషన్ డీడ్ డ్రాఫ్టు తెస్తారు. దాని మొదటి పేజీలోనే కుటుంబ వివరాలుంటాయి. మ్యుటేషన్‌కి (రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్పుకి), ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి పెట్టే దరఖాస్తుల్లోనూ వంశవృక్షం, అఫిడవిట్ అడుగుతారు. చేతికి అందింది కదా అని సైటులోది దింపి జత చేశారనుకోండి, దాని కింద మీ నాన్నగారు సంతకం చేశారనుకోండి, రేపు అది ఆయన స్వయంగా ఒప్పుకున్న మాట అవుతుంది. అన్నదమ్ములిద్దరి శాఖలకి చెరి సగం రావాల్సిన పొలంలో మీ శాఖే కనిపించకుండా పోతుంది. అందుకని మీ నాన్నగారికీ, బాబాయిలకీ, అత్తయ్యలకీ గట్టిగా చెప్పండి. కుటుంబ వివరాల పేరా ఒకటికి రెండుసార్లు చదవకుండా, ప్రతి పేరు పక్కనా తండ్రి పేరు ఉందో లేదో చూడకుండా ఎక్కడా సంతకం పెట్టొద్దు. తహశీల్దార్ ఆఫీసులో ఇప్పటికే దరఖాస్తు పడిందని తెలిస్తే రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, రసీదు తీసుకోండి.

ఇద్దరూ వేరు అని రుజువు చేయడం మీ విషయంలో కష్టం కాదు. పెద్ద తాతగారు 1978లో పోయారు కాబట్టి, ఆ తర్వాత మీ తాతగారు ఎక్కడ సంతకం చేసినా అది పనికొస్తుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన దస్తావేజుల వివరాలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి. 1978, 1994 మధ్య ఆయన రాయించిన దస్తావేజు ఒక్కటి దొరికినా సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 57 ప్రకారం ఇచ్చే ఆ నకలు, అసలు దస్తావేజులో ఏముందో చెప్పడానికి చెల్లుతుంది. పాత దస్తావేజుల్లో 'ఫలానా గ్రామ కాపురస్తులు, ఫలానా వారి కుమారుడు' అని రాసే వరస ఉంది చూడండి, ఒకే పేరున్న ఇద్దరిని విడదీసేది ఆ తండ్రి పేరే. దాంతో పాటు ఇద్దరి డెత్ సర్టిఫికెట్లు, సహకార సంఘంలో పంట రుణం కాగితాలు, శిస్తు రసీదులు, మీ నాన్నగారి స్కూల్ టీసీ దగ్గర పెట్టుకోండి.

ఇక డిలీట్ సంగతి. వద్దు. మొత్తం రికార్డు తీసేయించాలని తొందరపడితే తప్పుతో పాటు, ఆ తప్పు ఎలా జరిగిందో చూపించే ఆధారం కూడా పోతుంది. ఫ్యామిలీసెర్చ్ లాంటి వంశవృక్షాల సైట్లలో, అందరూ కలిసి రాసే ఉమ్మడి వృక్షాల్లో ఎవరు, ఏ తేదీన, ఏ రెండు రికార్డుల్ని కలిపారో మార్పుల జాబితాలో ఉంటుంది. మీకు అదే బంగారం. ముందు ఆ పేజీ, ఆ జాబితా, లింకు, తేదీ కనపడేలా సేవ్ చేసుకోండి. తర్వాత మీ అన్నయ్యకి ఫోన్ చేసి ఆయన చేతే విలీనం రద్దు చేయించండి. కలిపిన తర్వాత ఇంకేవైనా మార్పులు చేసి ఉంటే నేరుగా రద్దు కాకపోవచ్చు. అప్పుడు తొలగిపోయిన రికార్డుని ఆ జాబితా నుంచే వెనక్కి తెచ్చి, భార్యాపిల్లల్ని మళ్లీ జత చేయాలి. చివరగా 'వీరిద్దరూ ఒకరు కాదు' అని నమోదు చేసి, కారణం రాయమన్న చోట తండ్రుల పేర్లు, మరణ సంవత్సరాలు మాత్రమే రాయండి. ఆస్తి గొడవ, కోపం అక్కడ ఒక్క ముక్క కూడా వద్దు. ఆ కారణం రాయకపోతే రేపు ఇంకో బంధువు మళ్లీ కలిపేస్తాడు. ఇంకొక మాట, బతికున్న వాళ్ల వివరాలు అందరికీ కనపడేలా పెట్టకూడదని ఇలాంటి సైట్లు సాధారణంగా నియమం పెడతాయి. మీ నాయనమ్మ గారి పేరు బయటికి కనిపిస్తోందంటే ఆవిడని చనిపోయినట్లు నమోదు చేశారేమో చూడండి. అలా ఉంటే వెంటనే సరిచేయించండి.

డూప్లికేట్లని కలపడం ప్రతిసారీ తప్పు కాదని మీ అన్నయ్యకి చెప్పండి. ఆడపిల్ల పుట్టింటి పేరుతో ఒకసారి, అత్తింటి పేరుతో ఒకసారి ఎక్కితే కలపాల్సిందే. దత్తత వెళ్లిన వాళ్లు రెండు ఇళ్లలోనూ కనపడితే మాత్రం ఒకటి చెరిపేయకుండా, ఒకే మనిషిగా ఉంచి కన్నవాళ్లనీ దత్తత తీసుకున్న వాళ్లనీ వేర్వేరుగా చూపించాలి.

గ్రూపులో పెద్దాయన చెప్పిన చట్టం కూడా తప్పే. 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం మొదటి భార్య ఉండగా చేసుకున్న రెండో పెళ్లి చెల్లదన్నది నిజం. కానీ అలాంటి పెళ్లిలో పుట్టిన పిల్లలకి కూడా సెక్షన్ 16 కింద తల్లిదండ్రుల ఆస్తిలో హక్కుంది. ఉమ్మడి ఆస్తిలో తండ్రి వాటాకి వచ్చేదాంట్లోనూ వాళ్లకి భాగం ఉంటుందని 2023 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు చెప్పింది. ఇది మీకు తెలియడం కోసమే రాస్తున్నాను. గ్రూపులో 'ఒకవేళ రెండో భార్యే అయినా' అంటూ మాత్రం మొదలుపెట్టకండి. ఆ మాటే పట్టుకుని మీరు ఒప్పుకున్నారంటారు, పైగా అది విని మీ నాయనమ్మ గారు ఇంకా కుమిలిపోతారు. ఇద్దరి డెత్ సర్టిఫికెట్లూ పక్కపక్కన పెట్టి, 'వీరు వేర్వేరు వ్యక్తులు' అని ఒక్క వాక్యం రాయండి. అప్పటికీ ఆయన ఆపకపోతే లాయర్ నోటీసు ఇప్పించండి. పరువు నష్టం కేసు దాకా ఇప్పుడే వెళ్లొద్దు. మీ అన్నయ్య మీదైతే అసలు వద్దు. ఆయన చేసింది పొరపాటు.

కోర్టుకి వెళ్లాల్సి వస్తే అది సైటు మీద కాదు, వాటా ఇవ్వనన్న వాళ్ల మీద పంపకం దావా. ఉమ్మడి ఆస్తిలో మీకు భాగం లేదని తోసేసిన సంగతి తెలిసిన రోజు నుంచి 12 ఏళ్ల గడువుంటుంది. అయినా మీరు అంతకాలం ఆగొద్దు. ఎందుకంటే మీకున్న అందరికంటే పెద్ద సాక్షి మీ నాయనమ్మ గారే. 1961 నాటి పెళ్లి, ఇద్దరు అన్నదమ్ముల ఇళ్లు, ఎవరెప్పుడు పోయారన్నది ఆవిడ కళ్లారా చూసిన సంగతి. దావా పడితే ఆవిడని కోర్టు మెట్లెక్కించక్కర్లేదు. వయసు, ఆరోగ్యం చూపించి అడ్వొకేట్ కమిషనర్‌ని (కోర్టు నియమించే లాయర్‌ని) ఇంటికే పంపి వాంగ్మూలం తీసుకోమని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 కింద అడగవచ్చు. అంతలోపు ఆవిడకి ఓపిక ఉన్న రోజు చూసి దగ్గర కూర్చోండి. తెలిసిందంతా ఆవిడ మాటల్లోనే రాసి, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకుని, ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టించండి. ఆ కాగితం, ఈసీ, డెత్ సర్టిఫికెట్లు పట్టుకుని మీ ఊరికి దగ్గర్లోని సివిల్ లాయర్‌ని ఈ నెలలోనే కలవండి.