తెర మీది ఆగ్రహం ఎవరి సొత్తు?

ప్రశ్న: కొన్నాళ్లు న్యూజెర్సీలో మా అబ్బాయి ఇంట్లో ఉన్నాను. అక్కడి కేబుల్ వార్తా ఛానెళ్లలో రాత్రి ఎనిమిది దాటితే వార్తలు వెనక్కి పోతాయి. గంటకొక వ్యాఖ్యాత వచ్చి కూర్చుని దేశమంతటి మీదా కోప్పడుతూ ఉంటారు. అదంతా నటన అని మా కోడలు అంటుంది. రోజూ అంతసేపు ఎవరూ నటించలేరు, ఆ మనిషి స్వభావమే అది అని మా అబ్బాయి అంటాడు. మీరేమంటారు?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మీ ఇంట్లో నడిచిన వాదనే అమెరికా పత్రికలలోనూ న్యాయస్థానాలలోనూ చాలాకాలంగా నడుస్తోంది. దీనికి జవాబు చెప్పాలంటే ముందు అటువంటి వ్యాఖ్యాత తెర మీద ఎలా తయారవుతాడో చూడాలి. అందుకు బిల్ ఓరైలీ కంటే మంచి ఉదాహరణ లేదు. 1996 అక్టోబరులో సంప్రదాయవాదుల వైపు మొగ్గే కేబుల్ ఛానెల్ ఫాక్స్ న్యూస్ మొదలైనప్పుడే ఆయన కార్యక్రమమూ మొదలైంది. తరువాత ‘ది ఓరైలీ ఫ్యాక్టర్’ అన్న పేరుతో 2017 ఏప్రిల్ వరకు సాగింది. అంతకు ముందు ఆయన సీబీఎస్, ఏబీసీ సంస్థలలో విలేఖరిగా పనిచేశారు, ‘ఇన్‌సైడ్ ఎడిషన్’ అనే సంచలన వార్తల కార్యక్రమాన్ని నడిపారు, హార్వర్డ్‌లో మాస్టర్స్ పట్టా పుచ్చుకున్నారు. అయితే తెర మీద కనిపించిన ఓరైలీ వీటిలో దేనినీ ముందుకు తేలేదు. లాంగ్ ఐలాండ్‌లో పెరిగిన మధ్యతరగతి కుర్రాడిగా, పెద్దవాళ్ల మాటల గారడీకి లొంగని సామాన్యుడిగా తనను తాను నిలబెట్టుకున్నారు. కార్యక్రమం ఆరంభంలో ఆయన చేసే వ్యాఖ్యానంలోని ముఖ్యమైన మాటలు పక్కనే అక్షరాలుగా తెర మీద పడుతూ ఉండేవి. దానివల్ల ఒక మనిషి అభిప్రాయానికి పాఠ్యపుస్తకంలోని వాక్యానికి ఉండే బరువు వచ్చేది. ఆ తరువాత వచ్చే అతిథి తరచుగా మరో ఊరి స్టూడియోలో ఒంటరిగా కూర్చుని, చెవిలోని పరికరం ద్వారా వినవలసినవాడు. మాట అందడంలో క్షణమైనా ఆలస్యం ఉంటుంది. ఎప్పుడు ఆపాలో, ఎవరి మాట చివరిదిగా నిలవాలో నిర్ణయించేది వ్యాఖ్యాతే కనుక, గెలుపు చాలావరకు ఆ ఏర్పాటులోనే ఉంది.

ఈ తెర మనిషి పూర్తిగా కల్పితం కాదు. వ్యాఖ్యాత స్వభావంలో నిజంగా ఉన్న ఒక గుణాన్ని ఎంచుకుని, మిగిలిన వాటిని పక్కనపెట్టి, ఆ ఒక్కదానినే ప్రతి రాత్రీ అదే మోతాదులో చూపిస్తారు. పది విషయాలలో రెండింటి మీద కోపం వచ్చే మనిషి తెర మీద పదింటి మీదా కోపం తెచ్చుకోవలసి వస్తుంది. తక్కిన ఎనిమిదింటి విషయంలో ఆయనకు సందేహమే ఉన్నా దానికి ఆ గంటలో చోటు లేదు. మన వీధి భాగవతంలో వేషం కట్టినవాడు ఎవరో ఊరందరికీ తెలుసు, తెల్లవారితే ఆ వేషం తీసేస్తాడని కూడా తెలుసు. ఇక్కడ పాత్ర పేరు, నటుడి పేరు ఒకటే కావడం వల్ల ఆ గీత ఎక్కడుందో చూసేవాళ్లకు అందదు. కొంతకాలం గడిచాక వ్యాఖ్యాతకైనా అందుతుందని నేను అనుకోను.

అయితే మీ అబ్బాయీ కోడలూ ఇద్దరూ వదిలేసిన సంగతి ఒకటుంది, నా దృష్టిలో అదే అన్నిటికంటే ముఖ్యమైనది. ఈ తెర మనిషిని మొదట తయారుచేసేది వ్యాఖ్యాతే అయినా, కొన్నేళ్లకు అతడు ప్రేక్షకుల చేతిలోకి వెళ్లిపోతాడు. టక్కర్ కార్ల్‌సన్ విషయంలో ఇది స్పష్టంగా బయటపడింది. ఆయన తండ్రి అమెరికా ప్రభుత్వ ప్రసార సంస్థ వాయిస్ ఆఫ్ అమెరికాకు అధిపతిగా పనిచేశారు. కార్ల్‌సన్ చదివింది ఖరీదైన బోర్డింగ్ పాఠశాలలో. యువకుడిగా మెడకు బో టై కట్టుకుని సీఎన్ఎన్ చర్చలలో కూర్చునేవారు. ఓరైలీ విజయమంతా తాను ఫలానా సామాన్యుడినని జనాన్ని నమ్మించడం మీదే నిలబడి ఉందనీ, అది కాదని తేలిన రోజున అంతా కూలిపోతుందనీ 2003లో అన్నది ఈ కార్ల్‌సనే. అదే మనిషి 2017లో ఓరైలీ ఖాళీ చేసిన రాత్రి ఎనిమిది గంటల స్థానంలోకి వచ్చి, సంపన్న వర్గాల మీద సామాన్యుడి తరఫున కోప్పడే వ్యాఖ్యాతగా నిలబడ్డారు.

2020 నవంబరు 3న అధ్యక్ష ఎన్నికలు జరిగిన రాత్రి, అరిజోనా రాష్ట్రం బైడెన్‌దేనని ఫాక్స్ న్యూస్ అందరికంటే ముందుగా ప్రకటించింది. ట్రంప్ అభిమానులు ఆగ్రహించి న్యూస్‌మాక్స్ వంటి చిన్న ఛానెళ్ల వైపు మళ్లడం మొదలుపెట్టారు. ఎన్నికలలో మోసం జరిగిందని చెబుతున్న న్యాయవాది సిడ్నీ పావెల్ అబద్ధమాడుతున్నారని కార్ల్‌సన్ తోటి వ్యాఖ్యాతకు ఫోన్ సందేశం పంపారు. నవంబరు 19న తన కార్యక్రమంలో, ఆమెను ఆధారాలు అడిగితే ఇవ్వలేదని ధైర్యంగానే చెప్పారు. ఆ మాటకు ఆయన సొంత ప్రేక్షకులే ఆయన మీద విరుచుకుపడ్డారు. అంతకు వారం ముందు, ట్రంప్ ట్వీట్‌లోని ఆరోపణకు ఆధారం లేదని చెప్పిన తమ ఛానెల్ రిపోర్టర్‌నే ఉద్యోగంలోంచి తీసేయాలనీ, కంపెనీ షేరు ధర పడిపోతోందనీ ఆయన మరో సందేశంలో రాశారు. ట్రంప్ అంటే తనకు తీవ్రమైన ద్వేషమని 2021 జనవరిలో రాసుకున్న మాట కూడా బయటపడింది. తమ యంత్రాలతో ఎన్నికలను తారుమారు చేశారన్న ఆరోపణలను ప్రసారం చేసినందుకు, ఓట్ల యంత్రాలు తయారుచేసే డొమినియన్ సంస్థ ఫాక్స్ మీద వేసిన పరువునష్టం దావాలో ఈ సందేశాలన్నీ 2023 మొదటి నెలలలో వెలుగులోకి వచ్చాయి.

ఆ కాగితాలు చదివినప్పుడు నాకు బాధ కలిగింది. లక్షలమంది తమ గొంతుగా భావించిన మనిషి, ఆ లక్షలమందికి తనకు తెలిసిన నిజాన్ని గట్టిగా చెప్పడానికి భయపడ్డాడు. కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు ఇది: వ్యాఖ్యాత కోపం నిజమైనదే కావచ్చు. ఆ కోపం ఈ రాత్రి ఎవరి మీద పడాలన్నది మాత్రం, ఛానెల్ మార్చకుండా ఎదురుగా కూర్చున్నవాళ్ల ఇష్టాన్ని బట్టి నిర్ణయమవుతుంది. 33 కోట్ల జనాభా గల దేశంలో ముప్పై లక్షలమంది నమ్మకంగా చూస్తే చాలు, ఆ గంట కేబుల్ రంగంలో అగ్రస్థానంలో ఉంటుంది. ఆ ముప్పై లక్షలమందినీ నొప్పించకుండా ఉండడమే ఉద్యోగమైపోయిన చోట, మనసు మార్చుకునే హక్కు వ్యాఖ్యాతకు మిగలదు.

ప్రశ్న: టీవీ వ్యాఖ్యాత మాటలను బుద్ధి ఉన్న ప్రేక్షకుడు ఎవరూ వాస్తవాలుగా తీసుకోరని అమెరికా న్యాయస్థానమే తీర్పు ఇచ్చిందని విన్నాను. ఇది నిజమేనా?
— ఒక న్యాయశాస్త్ర విద్యార్థి, వరంగల్

జవాబు: మీరు విన్నదానిలో నిజముంది, అయితే తీర్పు అంత విస్తృతమైనది కాదు. కార్ల్‌సన్ తన కార్యక్రమంలో తనను బెదిరించి డబ్బు గుంజడం అనే నేరంతో ముడిపెట్టారంటూ మాజీ మోడల్ కేరెన్ మెక్‌డూగల్ ఫాక్స్ న్యూస్ మీద వేసిన దావాను 2020 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని ఫెడరల్ న్యాయమూర్తి మేరీ కే విస్కోసిల్ కొట్టివేశారు. కార్ల్‌సన్ కార్యక్రమం ఎటువంటిదో తెలిసిన ప్రేక్షకుడు ఆ మాటను అతిశయోక్తిగానే తీసుకుంటాడని, తగినంత సందేహంతోనే చూస్తాడని ఛానెల్ వాదించగా న్యాయమూర్తి అంగీకరించారు. వ్యతిరేక పక్షం వ్యాఖ్యాతలకూ ఇదే న్యాయం వర్తించింది: ఒక ఛానెల్‌ను డబ్బు పుచ్చుకున్న రష్యా ప్రచారంగా వర్ణించిన ఎంఎస్ఎన్‌బీసీ వ్యాఖ్యాత్రి రేచెల్ మాడో మీద వేసిన దావా కూడా, ఆమె మాట అభిప్రాయమూ అతిశయోక్తీ అన్న కారణంతోనే వీగిపోయింది, 2021 ఆగస్టులో అప్పీలు కోర్టు దానిని సమర్థించింది.

అభిప్రాయానికి చట్టం రక్షణ ఇవ్వడం సరైనదే. అది లేకపోతే పత్రికలు బతకవు. నా అభ్యంతరం ఛానెల్ నీతి మీద. రాత్రి ‘మమ్మల్నే నమ్మండి’ అని చెప్పిన సంస్థ, పగలు న్యాయస్థానంలో ‘మా వాళ్ల మాట యథాతథంగా ఎవరు తీసుకుంటారు’ అని వాదించడం ప్రేక్షకుడికి చేసే ద్రోహమని నేను నమ్ముతాను. అన్నట్లు, ఈ రక్షణకూ హద్దు ఉంది. డొమినియన్ దావాలో ఆరోపణలు వాస్తవాల రూపంలోనే ప్రసారమయ్యాయి కనుక అభిప్రాయమన్న వాదన నిలవలేదు. ఆ ఆరోపణలలో ఏదీ నిజం కాదని 2023 మార్చి 31న డెలవేర్ న్యాయమూర్తి ఎరిక్ డేవిస్ తేల్చారు. విచారణ మొదలు కావలసిన ఏప్రిల్ 18న ఫాక్స్ 78 కోట్ల 75 లక్షల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకుని రాజీపడింది. ఆ వారం తిరగకముందే కార్ల్‌సన్ ఆ ఛానెల్ నుంచి వెళ్లిపోయారు.

ప్రశ్న: స్టీవెన్ కోల్బెర్ ఇటువంటి వ్యాఖ్యాతనే అనుకరిస్తూ ఏళ్ల తరబడి హాస్య కార్యక్రమం నడిపారు కదా. అది అనుకరణ అని చూసేవాళ్లందరికీ తెలిసేదా?
— ఒక పాఠకుడు, ఐర్వింగ్, టెక్సస్

జవాబు: అందరికీ ఒకేలా తెలియలేదు. 2005 అక్టోబరు నుంచి 2014 డిసెంబరు వరకు నడిచిన ‘ది కోల్బెర్ రిపోర్ట్’లో ఆయన ఓరైలీ పద్ధతిని అడుగడుగునా అనుసరించారు, తెర పక్కన పడే అక్షరాలను సైతం వదలలేదు, కాకపోతే ఆ అక్షరాలు తన మాటను ఎద్దేవా చేసేలా రాయించారు. పాత్రకు తన పేరే పెట్టుకున్నారు. ఓహాయో స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఉదారవాదులకూ సంప్రదాయవాదులకూ ఆ కార్యక్రమం సమానంగానే నవ్వు తెప్పించిందనీ, కోల్బెర్ పైకి నవ్విస్తున్నా మనసులో ఆ మాటలనే నమ్ముతున్నారని మాత్రం ఉదారవాదుల కంటే సంప్రదాయవాదులే ఎక్కువగా భావించారనీ తేలింది.

ఆ పాత్ర ఎవరిదన్న ప్రశ్న కూడా తరువాత వచ్చింది. సీబీఎస్‌లో అసలు కోల్బెర్‌గా కార్యక్రమం నడుపుతూ 2016 జులైలో ఒక రాత్రి ఆ పాత వ్యాఖ్యాతను మళ్లీ తెర మీదికి తెచ్చారు. ఆ పాత్ర తమ ఆస్తి అని పాత సంస్థ న్యాయవాదులు అభ్యంతరం చెప్పారని ఆయనే ప్రేక్షకులకు తెలియజేశారు. వార్తా వ్యాఖ్యాతలకు ఆ అడ్డంకి లేదు. ఫాక్స్‌ను వదిలిన కార్ల్‌సన్ 2023 జూన్ నుంచి ట్విటర్‌లో తన పేరుతో, తన పాత ధోరణితోనే కార్యక్రమం మొదలుపెట్టారు.